వేణు వాళ్ళమ్మ వీలునామా

ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది.

మొదటి పొయ్యి వంటింట్లోది, కోడలు శ్రీవాసవిది. రెండోది వెనక వసారాలో తులసికోట పక్కన ఉంది. ఎప్పుడో శ్రీశైలం పోయినప్పుడు సత్రంలో వండుకోవడానికి కొన్న చిన్న సిలిండరు పొయ్యి. డెబ్బై ఏళ్ల రాజ్యలక్ష్మమ్మ దాన్ని అటక మీది నుంచి తనే దింపుకొని, తనే తుడుచుకొని, సోమవారం నుంచి తన అన్నం తనే వండుకుంటోంది. కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయి ఇంకా రెండు నెలలు కాలేదు. పప్పులో ఉప్పు వేశానో లేదో చేత్తో తడిమి చూసుకుంటోంది.

ఎవరినీ ఒక్క మాట అనలేదు. అరిచి గోల చేసి ఉంటే కొడుకు వేణుగోపాల్‌కు ఎంతో హాయిగా ఉండేది.

“పాలామె చూసింది,” శ్రీవాసవి గొంతు తగ్గించి అంది. “‘ఏమక్కా, మీ అత్తకు పత్యమా?’ అని అడిగింది. ఏం చెప్పల్ల నేను?”

“పత్యమనే చెప్పు.”

“నాలుగు దినాలు పత్యమంటే నమ్ముతారు. నెల దినాలు నమ్ముతారా? రేపు సోమప్ప సర్కిల్‌లో ప్రతివాడూ అడుగుతాడు మిమ్మల్ని.”

వేణుగోపాల్ కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఎమ్మిగనూరు బజారులో అతనికి మంచి పేరుంది. ‘కేశవయ్య అండ్ సన్’ అంగడిలో తూకం తప్పదని, పుచ్చు వేరుశనగ అంటగట్టరని పల్లెలవాళ్లు చెప్పుకుంటారు. ఆ పేరంతా బజారు వరకే. ఇంట్లో ఆదివారం ఏం జరిగిందో బజారుకు ఇంకా తెలియదు.

ఆదివారం చెల్లెలు నాగజ్యోతి ఆదోని నుంచి వచ్చింది. అక్కడ స్కూల్లో టీచరు. వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకుండా, రిజిస్ట్రారు ఆఫీసు కాగితం ఒకటి తెచ్చి హాల్లో అందరి మధ్యా పెట్టింది. తండ్రి కేశవయ్య వదిలిపోయిన అంగడిలో తన భాగాన్ని అన్న పేరిట మనఃపూర్తిగా విడుదల చేసినట్టు ఆ కాగితంలో ఉంది. కింద ఆమె సంతకం. మనఃపూర్తి అన్న ఆ మాట దగ్గర ఆమె వేలు పెట్టి చాలాసేపు అట్లే ఉంచింది.

రెండేళ్ల కిందటి మాట అది. తండ్రి పోయిన రెండో నెల. ‘నాయన పేరు తీసి మన పేర్లు ఎక్కించల్ల, ఒక సంతకం పెట్టిపో’ అని వేణుగోపాల్ ఫోన్ చేస్తే, సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. దస్తావేజులు రాసే చిన్న ఈరన్న పెన్సిలుతో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకాలు చేసింది. మిషను మీద బొటనవేలు పెట్టింది. ‘దేనికి అన్నా?’ అని కూడా అడగలేదు. అన్న పొద్దున్నే ఏమీ తిని ఉండడని డబ్బాలో బొరుగులతో ఉగ్గాణి చేసుకొచ్చింది. ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చొని వేణుగోపాల్ ఆ ఉగ్గాణి తిన్నాడు. రెండోసారి పెట్టించుకొని మరీ తిన్నాడు.

ఆదివారం నాగజ్యోతి ఒకే ఒక్క మాట అడిగింది. “అడిగింటే ఇయ్యనా అన్నా?”

అతను నేల చూశాడు. ఆమె వెళ్లిపోయింది. మర్నాడు రాజ్యలక్ష్మమ్మ అటక దగ్గరికి నిచ్చెన వేసుకుంది.

“ఇల్లు అత్త పేరు మీద ఉండాది,” శ్రీవాసవి మళ్లీ అందుకుంది. “ఆమె ఇప్పుడు కోపంలో ఉండాది. రేపు పోయి ఆదోనిలో కూర్చొని, ఈ ఇల్లు కూతురి పేరుకు రాసేస్తే? ఇద్దరు పిల్లల్ని పెట్టుకొని మనం యాడికి పోవల్ల?”

“అమ్మ అట్ల చేయదు.”

“మీరు చేస్తారని జ్యోతి అనుకునిందా?”

ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది. “వకీలును చూడండి. ఈడ వద్దు, కర్నూల్లో. ఇల్లు మీకే అని వీలునామా రాయించండి. అత్తకు చూపు ఇంగా సరిగా ఆనడంలేదు గదా. మీరు యాడ పెట్టమంటే ఆడ పెడుతుంది సంతకం.”

అనేసి, మొగుడి ముఖం చూడకుండా పోయి, కడిగిన బియ్యాన్నే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

వసారా తలుపు చప్పుడైంది. రాజ్యలక్ష్మమ్మ బయల్దేరి ఉంది. ఉతికిన నేత చీర, నల్ల కళ్లద్దాలు, భుజానికి గుడ్డసంచి. సంచిలోంచి స్టీలు డబ్బా మూత కనిపిస్తోంది. నిప్పట్లు వేయించిన వాసన.

“మంత్రాలయం పోతాండావామ్మా?”

“గురువారం గదా.”

“కార్లో దింపుతా రా.”

“బస్సుండాది.”

నాలుగు రోజుల్లో తల్లీకొడుకుల మధ్య నడిచిన అతి పెద్ద సంభాషణ అదే.

ఆ డబ్బాకు ఒక కథ ఉంది. వేణుగోపాల్‌కు ఎనిమిదేళ్లప్పుడు, పెళ్లిళ్లలో సామాన్లు కలిసిపోతున్నాయని, పేరు కొట్టించుకురమ్మని తల్లి అతన్ని పాత్రల అంగడికి పంపింది. ఎవరి పేరు కొట్టల్ల అని అడిగితే, పిల్లవాడు ధీమాగా ‘వేణు వాళ్ళమ్మ’ అన్నాడు. అంగడివాడు అట్లే చుక్కలు చుక్కలుగా చెక్కి ఇచ్చాడు. ఇంటికొచ్చాక అందరూ పడీపడీ నవ్వారు. ‘నేను మాత్రం అమ్మకు పుట్టలేదా’ అని నాగజ్యోతి ఏడ్చింది. డబ్బా మార్చేద్దామని కేశవయ్య అంటే రాజ్యలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఊళ్లో ఏ ఇంటికి ఏం పంపినా ఆమె ఆ డబ్బాలోనే పంపుతుంది.

“ఒకటి చూసినారా?” వీధి తలుపు పడ్డాక శ్రీవాసవి అంది. “ఈ వారంతో నాలుగు వారాలు. పోతాండాదే గానీ మంత్రాలయం నుంచి ఒక్కసారన్నా ప్రసాదం తేలేదు. అడిగితే రష్షు అంటాది.”

అతను వినిపించుకోలేదు. చెవిలో ఇంకా ఆ ముందటి మాటే తిరుగుతోంది. మీరు యాడ పెట్టమంటే ఆడ పెడుతుంది. ఆ మాటకు తను కోప్పడి ఉండాల్సింది. కోప్పడకుండా లేచి, కారు తాళాలు ఎక్కడున్నాయో వెతుక్కున్నాడు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెతుక్కున్నాడు.

ఊరు దాటాక కారు పక్కకు ఆపి, పత్తి వ్యాపారం చేసే బసవరాజుకు ఫోన్ చేశాడు.

“బసవా, కర్నూల్లో ఎవరన్నా మంచి వకీలు ఉండారా? కొట్లాట కేసులోల్లు వద్దు. వీలునామాలు రాసేటోల్లు.”

“ఎవరికప్పా?”

“మనకు తెలిసినోళ్లకు.”

వీలునామా వకీలును తనకోసమని అడిగినవాడు ఈ లోకంలో ఇంతవరకూ లేడు. అందరూ తెలిసినవాళ్లకోసమే అడుగుతారు.

“ఇద్దరుండారు,” అన్నాడు బసవరాజు. “ఒకాయన శానా సీనియరు. పని తొందరగా చేస్తాడు. ఇంకొకామె యామిని అని, చిన్న వయసే. పని నిదానం, కానీ గట్టిగా చేస్తాది. ఈ మధ్య ఇంకొకరు కూడా నన్ను ఇదే మాట అడిగినారు. ఆమె దగ్గరికే పంపిస్తి.”

“ఎవరు?”

“వాళ్లు కూడా తెలిసినోళ్లకే అడిగినారులే,” అని బసవరాజు ఫోన్ పెట్టేశాడు.

తొందరగా చేసే ఆయన దగ్గరికే ముందు పోయాడు వేణుగోపాల్. కోర్టు ఎదురుగా మేడ, పెద్ద బోర్డు. ఏప్రిల్ ఎండలో నడిచి వచ్చినవాడికి ఏసీ చల్లగా తగిలింది. సంగతి సగం కూడా వినకుండానే ఆయన చెయ్యి ఊపాడు.

“ముసలామెను తెచ్చే పనేం లేదప్పా. ఈ తెల్ల కాగితాలు తీసుకుపో, సంతకాలు పెట్టించుకొని రా. సాక్షులు నా దగ్గరే ఉండారు, ఆమెను చూడకపోయినా పెడతారు. తేదీ కూడా నీకు ఏది కావాలంటే అది వేద్దాం.”

సరిగ్గా ఇందుకే కదా పొద్దున్నే బయల్దేరింది. పని ఇంత సులువుగా అయిపోయినందుకు సంతోషపడాలి కదా. వేణుగోపాల్‌కు మాత్రం నడిబజారులో పంచె ఊడినట్టయింది.

“సిగ్గుపడొద్దులేప్పా,” వకీలు నవ్వాడు. “నీ మాదిరి కొడుకులు దినాము వస్తాంటారు నా దగ్గరికి.”

నీ మాదిరి కొడుకులు. కాగితాలు రేపు తీసుకుపోతానని చెప్పి వేణుగోపాల్ మెట్లు దిగాడు. కింద చెరుకురసం బండి దగ్గర నిలబడి రెండు గ్లాసులు తాగాడు. తను ఆ రకం కాదు. తను మర్యాదస్థుడు, అన్నీ పద్ధతిగా, చట్టప్రకారం చేయించుకుంటాడు. మురికి పని కూడా శుభ్రమైన చోట చేయించుకుంటే చేతికి అంటదని మనిషికి ఒక ఆశ.

అట్లా రెండో పేరు దగ్గరికి వెళ్లాడు.

యామిని ఆఫీసు జిరాక్సు అంగడి మీద ఒక చిన్న గది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బల్ల ముందు ఒక కుర్చీకి మెత్త వేసి ఉంది, ముసలివాళ్ల కోసం కాబోలు. ఆమె అతని మాట పూర్తిగా వింది. వినడం పూర్తయ్యాక అడిగింది.

“వీలునామా ఎవరిదండీ?”

“మా అమ్మది.”

“మరి అమ్మ ఏరి?”

“ఆమెకు ఒంట్లో బాగలేదు. కంటి ఆపరేషన్ అయింది. ఏం రాయల్లో నేను చెప్తా, మీరు రాసిస్తే సంతకం పెట్టించుకొస్తా.”

“అట్లా కుదరదండీ. ఆస్తి ఆమెది, మాట కూడా ఆమెదే కావాలి. రాలేకపోతే నేనే ఇంటికి వస్తా. ఆమెతో ఒంటరిగా మాట్లాడతా. అంతసేపు మీరు బయట కూర్చుంటారు.”

“నేను కొడుకునండీ.”

“అందుకే,” అంది యామిని. ఆ మాటలో వెటకారం లేదు. “చూపు ఆనకపోతే ప్రతి అక్షరం చదివి వినిపిస్తాం. ఆమె సంతకం పెట్టడం సాక్షులు ఇద్దరూ కళ్లారా చూడాలి. డాక్టరు చీటీ కూడా పెడతాం, ఆమె తెలివిలో ఉండే రాయించిందని. రేపు ఎవరూ కాదనకుండా.”

రేపు ఎవరూ కాదనకుండా. అంటే నాగజ్యోతి కాదనకుండా. పసుపుకుంకుమలకు కూడా నోరు తెరిచి అడగని చెల్లెల్ని కోర్టులో నిలబెట్టి తను ఊహించుకుంటున్నాడు.

యామిని కాగితం ముందుకు లాక్కుంది. “అమ్మ పేరు చెప్పండి.”

“రాజ్యలక్ష్మమ్మ. కేశవయ్య భార్య. ఎమ్మిగనూరు.”

ఊరి పేరు దగ్గర ఆమె కలం ఆగింది. రాసిన రెండు ముక్కలూ చూసుకుంది. నిదానంగా కలానికి మూత పెట్టింది.

“ఈ పని నేను చేయలేనండీ.”

“ఏంటికి? ఫీజు ఎంతైనా…”

“ఫీజు కాదు. చేయలేను. కారణం చెప్పలేను, ఏమనుకోవద్దు.”

అతను ఇంకేదో అడగబోతుండగా తలుపు తోసుకొని గుమాస్తా నాగరాజ్ వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో తుడిచిన స్టీలు డబ్బా.

“మేడం, ఆ పెద్దమ్మ డబ్బా ఈడనే మరిసిపోయింది. ఇప్పుడే గదా పోయింది, బస్టాండులో ఉంటాది. ఇచ్చొస్తా.”

యామిని కళ్లతోనే వారించింది. నాగరాజ్ నోరు మూసుకున్నాడు గానీ డబ్బాను దాచలేకపోయాడు. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు, ముప్పై ఎనిమిదేళ్లుగా తోమీ తోమీ అరిగిన అక్షరాలు, వేణుగోపాల్ వైపే తిరిగి ఉన్నాయి.

వేణు వాళ్ళమ్మ.

అతను కుర్చీలోంచి లేచాడు.

“నేనిస్తాలేండి ఆమెకు,” అన్నాడు అతను చివరికి.

నాగరాజ్ అనుమానంగా చూశాడు. “మీరెవరప్పా?”

తలెత్తలేకపోయాడు వేణుగోపాల్. వచ్చిన పని ఏమిటో ఇప్పుడే ఈ బల్ల ముందు తన నోటితోనే చెప్పుకున్నాడు. అది విన్న మనిషి ముందే, ఇదీ చెప్పుకోవాలి.

“ఆ వేణును నేనే,” అన్నాడు.

యామిని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుపడుతున్న మనిషిని చూడకూడదని ముఖం తిప్పుకోవడం అతనికి ఇంకా పెద్ద దెబ్బ అయింది. నాగరాజ్ డబ్బాను రెండు చేతులతో అందించాడు.

బస్టాండులో ఎమ్మిగనూరు బస్సులు ఆగేచోట, సిమెంటు బెంచీ మీద, ఒళ్లో సంచి పెట్టుకొని కూర్చుంది రాజ్యలక్ష్మమ్మ. కొడుకును ముందు చూడలేదు. దగ్గరికొచ్చాక డబ్బాను చూసింది, ఆ తర్వాతే మనిషిని చూసింది. కల్లంగడిలో ఎదురుపడిన తండ్రీకొడుకుల్లా ఇద్దరూ చెరోవైపు చూశారు.

మొదట ఆమే మాట్లాడింది. “మరిసిపోయినా.”

అతను పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటు మిగిలింది.

“మంత్రాలయం అని చెప్పి ఈడికా అమ్మా? నాలుగు వారాల నుంచీ?”

“నాలుగు గురువారాలు. అబద్ధం చెప్పినందుకు ఆ మంత్రాలయం స్వామి నన్ను ఏం చేస్తాడో.”

నాలుగు గురువారాలు. వేణుగోపాల్ మనసులో వేళ్లు మడిచాడు. లెక్క సరిపోలేదు. మళ్లీ మడిచాడు.

“జ్యోతి వచ్చింది మొన్న ఆదివారం గదా. నీకు…”

“ఈరన్న చెప్పినాడు. ఉగాదికి ముందే. గుడి దగ్గర నా కాళ్ల మీద పడినాడు. ‘నా చేత్తోనే రాస్తినమ్మా, నిద్ర పట్టడంలేదు’ అని ఏడ్చినాడు.”

“అంటే నీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

“మరి నన్ను ఒక్క మాట అడగలేదే అమ్మా?”

“నువ్వే చెప్తావనుకుంటి,” అంది ఆమె. “దినాము రాత్రి నువ్వు అంగడి కట్టేసి వచ్చి అన్నం తట్ట ముందర కూర్చుంటావు. నెయ్యి వేసి నిలబడతా. ఈ పొద్దు చెప్తాడు, ఈ పొద్దు చెప్తాడు అని. నువ్వు చారు బాగుందమ్మా అంటావు.”

తల్లి వేరే పొయ్యి పెట్టినప్పటినుంచే తన పరువు పోయిందని వేణుగోపాల్ నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాడు. అంతకు ముందే, నెలరోజులకు పైగా, అంతా తెలిసిన మనిషి చేతి అన్నం తింటూ, పెద్దమనిషిలా ఆమె ముందు కూర్చున్నాడు. అప్పటి ఒక్కో ముద్దా ఇప్పుడు గుర్తొచ్చింది.

“మొదటి గురువారం ఆ వకీలమ్మ అడిగింది, కొడుకుండాడు గదమ్మా, ఇంత దూరం ఏంటికొచ్చినావు అని. నోరు రాలే. కంటి ఆపరేషన్ సంగతి మాట్లాడి వచ్చేస్తి. రెండోవారం నీ చిన్ననాటి సంగతులన్నీ చెప్పి, నిప్పట్లు పెట్టి వచ్చేస్తి. మూడోవారం ఏడ్చి వస్తి. నా కొడుకు ఇట్ల చేసినాడని పరాయి మనిషికి ఎట్ల చెప్పల్ల? నన్నే అడగరా, ఎట్ల పెంచినావమ్మా అని?” ఆమె కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకుంది. “ఈ పొద్దు చెప్పినా.”

“ఏం రాయించినావమ్మా?”

“నువ్వు ఏం రాయించుకుందామని వచ్చినావు? ముందు అది చెప్పు.”

నేల మీద ఎవరో తిని పారేసిన బఠాణీ పొట్లం గాలికి అటూ ఇటూ కదులుతోంది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఎదురుచూసింది. రోజూ రాత్రి తట్ట ముందు ఎదురుచూసినంతసేపూ చూసింది.

“సరేలే,” అంది తర్వాత. “నేనే చెప్తా. ఇల్లు జ్యోతికి రాయించినా. అంగడి నీకు వచ్చింది గదా, ఎట్ల వచ్చిందో అట్ల. నీకు ఇల్లు ఏంటికి ఇయ్యలేదో కూడా రాయమన్నా. రేపు నేను పోయినాక, ముసలిదానికి బుద్ధి లేక రాసిందని ఎవరూ అనగూడదు.”

“అమ్మా…”

“ఇంగా సంతకం పెట్టలేదు. వచ్చే గురువారం రమ్మనింది. సాక్షులు ఇద్దరు కావల్లంట. ఈరన్న వస్తానన్నాడు. రెండో మనిషి ఎవరమ్మా అని అడిగింది. బంధువుల్ని అడిగితే ఊరంతా తెలుస్తాది, నీ పరువు పోతాది. ఎవర్ని అడగల్లో తెలీక ఈడ కూర్చుంటి.”

ఎమ్మిగనూరు బస్సు వచ్చి ఆగింది. జనం లేచారు. అతను గబగబా లేచి ఆమె సంచి అందుకోబోయాడు.

“కారుండాదమ్మా. కార్లో పోదాం రా.”

“బస్సుండాది.”

ఆమె సంచీ ఇవ్వలేదు. ఆడవాళ్ల ఉచిత టికెట్టు కోసం సంచిలోంచి ఆధార్ కార్డు తీసి చేతిలో పట్టుకుంది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగింది. నల్లద్దాల వెనక కళ్లు ఎటు చూస్తున్నాయో అతనికి తెలియలేదు.

“ఆ రెండో సంతకం నువ్వు పెడతావా వేణూ?” అంది. “పెట్టకపోతే ఎవరో ఒకరు దొరుకుతార్లే. పెట్టేటట్లయితే మాత్రం అంతా చదువుకొని పెట్టు. నీ చెల్లెలి మాదిరి చదవకుండా పెట్టొద్దు.”

బస్సు కదిలింది. డబ్బా అతని చేతిలోనే ఉండిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. శ్రీవాసవి.

“వకీలు దొరికినాడా?”

“దొరికింది.”

“కాగితం రాసిస్తుందా? సంతకం యాపొద్దు?”

“వచ్చే గురువారం.”

“గురువారమంటే మంత్రాలయం అంటాది గదా అత్త. సంతకానికి ఒప్పుకుంటాదా?”

బస్సు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. వేణుగోపాల్ బొటనవేలితో డబ్బా మీది చుక్కల్ని తడుముతూ నిలబడ్డాడు.

“ఒప్పుకోవల్సింది అమ్మ గాదు వాసవీ,” అన్నాడు. “నేను.”